హోల్‌సేల్ స్టోర్‌లో ఇంటి సరుకులు కొనడం కుటుంబాలకు గిట్టుబాటేనా?

నల్లకుంట గృహిణి:

మా బావగారికి మందుల దుకాణం ఉంది. మొదట్లో ఆయన కార్డు మీదే హైదరాబాద్‌లోని ఒక పెద్ద హోల్‌సేల్ స్టోర్‌కు వెళ్ళేవాళ్ళం. అప్పట్లో వ్యాపార లైసెన్సో జీఎస్టీ నంబరో ఉన్నవారినే లోపలికి రానిచ్చేవారు. ఇప్పుడు చూస్తే చంటిపిల్లలను బండిలో కూర్చోబెట్టుకుని కుటుంబాలకు కుటుంబాలే తిరుగుతున్నాయి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నలుగురున్న మా వంటి ఇంటికి అక్కడ నిజంగా మిగిలేది చాలా స్వల్పం. బిల్లు చివర ‘మీకు ఇంత ఆదా’ అని వేసే అంకె ఎమ్మార్పీతో పోల్చి వేసినది. మన వీధి చివరి సూపర్‌మార్కెట్ కూడా ఎమ్మార్పీకి అమ్మడం లేదు కదా, ఆ తగ్గింపును తీసేసి చూస్తే ఆదా ఎంత మిగులుతుంది?

మా అత్తగారు దీనికి ఒప్పుకోరు. మాఘ ఫాల్గుణాల్లో ఏడాదికి సరిపడా కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు తెచ్చి డబ్బాలకు ఎత్తిన తరం వారిది. పెద్ద మొత్తంలో కొంటే చవక అన్నది తేలిపోయిన విషయమనీ, చర్చే అక్కర్లేదనీ ఆవిడ వాదన. అక్కడ వ్యాపారానికి కొనేవారు, ఇంటికి కొనేవారు ఇద్దరూ తమ తమ లెక్కలు చెబితే బాగుంటుంది.

అల్వాల్ టిఫిన్స్:

అమ్మా, నేను పదేళ్ళకు పైగా టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను కాబట్టి వ్యాపారి వైపు నుంచి చెబుతాను. మేము కూడా అన్నీ ఒకేచోట కొనము. మినపగుళ్ళు, పల్లీలు, పుట్నాలపప్పు, ఇడ్లీ రవ్వ, మైదా బస్తాలు ఉస్మాన్‌గంజ్ నుంచి వస్తాయి. అక్కడ సేట్ బస్తా విప్పి గుప్పెడు గింజలు చేతిలో పోస్తాడు, నలిపి, వాసన చూసి, ఒకటి కొరికి చూసి మరీ ధర మాట్లాడుకుంటాము. మినప్పప్పు పాతబడితే పిండి పొంగదు, గారె గట్టిపడుతుంది, ఆ సంగతి సంచి మీద ముద్రించిన తేదీ చెప్పదు. పైగా సేట్ వారం రోజులు ఉద్దెర ఇస్తాడు. హోల్‌సేల్ స్టోర్ పద్ధతే డబ్బు కట్టి సరుకు పట్టుకుపోవడం కాబట్టి మా వంటి రోజువారీ గల్లా మీద నడిచేవారికి అది మొదటి ఇబ్బంది. పార్శిల్ కవర్లు, రబ్బరు బ్యాండ్లు, చెక్క స్పూన్లు బేగంబజార్‌లో తూకం లెక్కనో కట్టల లెక్కనో దొరుకుతాయి (2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్పూన్ల మీద నిషేధం వచ్చాక ఆ చెక్క స్పూన్ల ఖర్చు మా మీదే పడింది, అది వేరే కథ).

మరి స్టోర్‌కు ఎందుకు వెళ్తామంటే నూనె టిన్నులు, వెన్న, పనీరు, గడ్డకట్టించిన బఠాణీలు, కిలోల లెక్కన టొమాటో సాస్, గిన్నెలు తోమే ద్రావకం క్యాన్లు, నేల తుడిచే ఫినాయిల్, టిష్యూ కాగితాల కోసం. వీటిలో నాణ్యత ప్రతిసారీ ఒకేలా ఉంటుంది, బిల్లు పక్కాగా వస్తుంది, చల్లగా ఉంచవలసినవి చల్లగానే చేతికి వస్తాయి. ఆదివారం పొద్దున ఒక్క పూటలో ఎంత నూనె మరుగుతుందో చూస్తే మీ ఇంట్లో ఏడాదికి కూడా అంత అక్కర్లేదంటారు. నా దగ్గర టిన్ను విప్పిన రెండు మూడు రోజులకు ఖాళీ అవుతుంది కాబట్టి పెద్ద ప్యాకింగ్‌లో మిగిలే ప్రతి రూపాయీ నాకు చేరుతుంది. మీ ఇంట్లో అదే టిన్ను నెలల తరబడి మూత తెరిచి ఉంటుంది, ఆ రూపాయిలో కొంత వాసన పట్టిన నూనె రూపంలో పోతుంది. ఏ వస్తువు గురించి అడిగినా ముందు అది మీ ఇంట్లో ఎన్నాళ్ళకు అయిపోతుందో చెప్పండి, ధర గురించి ఆ తరువాత మాట్లాడుకుందాం.

లెక్కల మనిషి:

పన్ను సంగతి చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. ‘వ్యాపారులకు జీఎస్టీ వెనక్కి వస్తుంది, అందుకే వారికి హోల్‌సేల్ లాభం’ అన్న మాట సగమే నిజం. సాధారణ రిజిస్ట్రేషన్ ఉన్న దుకాణదారు కొన్న సరుకు మీది పన్నును తాను కట్టవలసిన పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. కానీ 5 శాతం రేటు కట్టే హోటళ్ళకు ఆ సర్దుబాటు లేదు, కాంపొజిషన్ పథకంలో (అమ్మకాల మీద ఒక చిన్న శాతం పన్ను కట్టి సరిపెట్టుకునే చిన్న వ్యాపారుల పద్ధతి) ఉన్నవారికీ లేదు. ఏడాది వ్యాపారం 20 లక్షలు దాటని చిన్న టిఫిన్ సెంటర్ అసలు రిజిస్టరే కానవసరం లేదు. అంటే అల్వాల్ మిత్రులు వెన్న మీద కట్టే పన్నూ, నల్లకుంటలోని సోదరి కట్టే పన్నూ ఒక్కటే అయ్యే అవకాశమే ఎక్కువ. ఒక హెచ్చరిక కూడా చేయాలి. కొన్ని స్టోర్లలో అరల మీది చీటీలో పన్ను కలపని ధర పెద్ద అక్షరాల్లోనూ, కలిపిన ధర చిన్న అక్షరాల్లోనూ ఉంటుంది. పోల్చవలసింది చిన్న అక్షరాల ధరతోనే.

బియ్యం విషయంలో మాత్రం పెద్ద సంచికి పన్ను వల్లనే మేలు జరుగుతోంది. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండి మీద 5 శాతం జీఎస్టీ పడుతోంది, 25 కిలోలు దాటితే లేదు. మన నగరంలో 26 కిలోల బియ్యం సంచులు ఎందుకు పుట్టుకొచ్చాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అయితే ఆ సంచి ప్రతి కిరాణా కొట్లోనూ దొరుకుతుంది, ఇంటి దాకా తెచ్చి కూడా ఇస్తారు. దాని కోసం స్టోర్ దాకా పోయి, బండికి ఎక్కించి, లిఫ్టు దాకా మోసుకోవలసిన పని లేదు.

కొండాపూర్ నివాసి:

చాలా ఏళ్ళు అమెరికాలో ఉండి వచ్చినవాణ్ణి. మనవాళ్ళు ‘అక్కడి కాస్ట్‌కో (సభ్యులకే అమ్మే పెద్ద గిడ్డంగి దుకాణాల సంస్థ) ఇక్కడికీ వచ్చేసింది’ అన్నట్టు మాట్లాడుతుంటారు, ఆ పోలికలో లోపముంది. కాస్ట్‌కోలో చేరడానికి ఏడాదికి రుసుము కట్టాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 65 డాలర్లు. ఆ సంస్థ లాభంలో పెద్ద భాగం ఆ రుసుముల నుంచే వస్తుంది కాబట్టి సరుకు మీద తక్కువ లాభం వేసుకున్నా వారికి నష్టం లేదు. ఉంచే రకాలు కూడా సుమారు 4,000 మాత్రమే. ఒక్కో వస్తువులో ఒకటి రెండు రకాలే ఉంటాయి కాబట్టి తయారీదారు దగ్గర గట్టిగా బేరమాడగలుగుతారు. ఇక్కడి స్టోర్లకు ఆ రుసుము ఆదాయం లేదు, అందుచేత లాభం సరుకు మీదే రావాలి. అక్కడి ధరల తేడా ఇక్కడ ఆశించడం సరికాదు.

ఒక పోలిక మాత్రం పనికొస్తుంది. ఈ తరహా దుకాణాలకు ఆద్యమైన ప్రైస్ క్లబ్ 1976లో శాన్ డియాగోలో ఒక పాత విమానాల షెడ్డులో మొదలైనప్పుడు చిన్న వ్యాపారులకే అమ్మేది. వారితో మాత్రమే గిట్టక, తరువాత కొన్ని ఉద్యోగ వర్గాల కుటుంబాలను కూడా చేర్చుకుంది. మన దగ్గర కూడా విదేశీ సంస్థల హోల్‌సేల్ స్టోర్లు వ్యాపారులకే అమ్మాలన్న షరతు మీద వచ్చాయి. 2003లో బెంగళూరులో మొదలైన జర్మనీ సంస్థ మెట్రో అలాంటిదే, 2023లో అది రిలయన్స్ రిటైల్ చేతికి వెళ్ళింది. ఇంటివారు లోపలికి వచ్చాక అరల్లోని సరుకు కూడా వారికి తగ్గట్టే మారుతుంది. బస్తాలు వెనక్కి జరిగి బిస్కెట్ల కట్టలు ముందుకు వస్తాయి. నేనైతే అది మంచిదనే అనుకుంటున్నాను.

మలక్‌పేట కిరాణా:

కొండాపూర్ వారికి మంచిదే కావచ్చు, మాకు కాదు. మేము సబ్బులు, టీపొడి, బిస్కెట్లు చాలావరకు కంపెనీ డిస్ట్రిబ్యూటర్ దగ్గరే తీసుకుంటాము. అతను ఉద్దెర ఇస్తాడు, గడువు దాటిన సరుకు వాపసు తీసుకుంటాడు. డిస్ట్రిబ్యూటర్ రాని చిన్నాచితకా కంపెనీల సరుకు, నెలకు నాలుగైదు ముక్కలు మాత్రమే అమ్ముడయ్యే రకాలు స్టోర్‌లో తెచ్చుకుంటాము. ఒక ముక్కకు ఒక ధర, ఆరుకు ఒక ధర, పెట్టెకు ఒక ధర అన్న పద్ధతి ఉన్నంతవరకు మా మార్జిన్ ఎంతో కొంత నిలుస్తుంది. పెట్టె ధరనే నా వెనుక నిలబడ్డ ఇంటాయనకు కూడా ఇస్తే, నేను ఎవరికి అమ్మాలి? పండుగల ముందు జరిగేది సరిగ్గా ఇదే. ఆ పెట్టెలో ఇంటాయన వాడేది సగం కూడా ఉండదు, మిగతాది బంధువులకు పంచుతాడు.

సాయంత్రం కూలి డబ్బు చేతపట్టుకుని వచ్చి పావుకిలో పప్పు, యాభై గ్రాముల కారం, అరలీటరు నూనె అడిగేవారికి ఆ స్టోర్ గేటు తెరిచినా మూసినా ఒక్కటే. వారికి చిన్న పొట్లం కట్టి ఇచ్చేది మేమే. ఆ చిన్న పొట్లానికి కిలో లెక్కన ధర ఎక్కువ పడుతుందన్న మాట నేను కాదనను. సరుకు నిలవ ఉంచే ఖర్చు, ఉద్దెర మునిగే ఖర్చు అందులోనే ఉన్నాయి.

నల్లకుంట గృహిణి:

అందరికీ ధన్యవాదాలు. కిరాణా వారి బాధ న్యాయమైనదే కానీ, ఎక్కడ కొంటే నాకు నాలుగు రూపాయలు మిగులుతాయన్నది నేను చూసుకోక తప్పదు. అల్వాల్ వారి కొలబద్దను మా ఇంటికి అన్వయించి చూశాను. బట్టల సబ్బుపొడి, గిన్నెల సబ్బు, చెత్త సంచులు, టూత్‌పేస్టు చెడిపోయేవి కావు, ఎన్నాళ్ళున్నా విలువ పోదు, వాటికి స్టోర్ సరైన చోటే. కందిపప్పు, పెసరపప్పు బాగా ఎండబెట్టి డబ్బాకు ఎత్తితే నిలుస్తాయి కానీ మా అత్తగారి రోజుల్లో ఉన్న మిద్దె ఇప్పుడు లేదు. రెండు గదుల ఫ్లాట్‌లో వంటింటి సజ్జ మీద పెట్టిన పప్పుకు ఆషాఢంలో పురుగు రాకుండా చూడడం నా వల్ల కాలేదు. శనగపిండి, రవ్వ, గోధుమపిండి అయితే పెద్ద సంచుల్లో తేవడమే దండుగ. పిల్లల చిరుతిళ్ళ సంగతి మరీ విచిత్రం. పెద్ద ప్యాకెట్ తెచ్చిన వారం తినడమూ పెద్దగానే ఉంటుంది, చవకగా వచ్చిందన్న సంతోషం అక్కడే ఆవిరి.

కొండాపూర్ వారు అరల్లోని సరుకు ఇంటివారికి తగ్గట్టు మారడం మంచిదన్నారు. అలా మారిన కొద్దీ మేము అక్కర్లేనివే ఎక్కువ కొంటున్నామన్నది నా అనుభవం, ఇందులో మీతో ఏకీభవించలేను. ఒక్క సందేహం మిగిలింది. మా అపార్ట్‌మెంట్‌లో ముగ్గురం కలిసి నూనె టిన్ను తెచ్చి పంచుకుందామనుకుంటున్నాము. పక్కపక్కనే ఉన్న రెండు టిన్నుల్లో ఒకటి కొంచెం చవక, ఏది తీసుకోవాలి?

అల్వాల్ టిఫిన్స్:

చవకగా ఉన్న టిన్ను మీద కిలోలు రాసి ఉందా, లీటర్లు రాసి ఉందా చూడండి. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు. 15 లీటర్ల టిన్నులో నూనె 13 కిలోల 650 గ్రాములే ఉంటుంది, 15 కిలోల టిన్నుతో పోలిస్తే కిలో 350 గ్రాములు తక్కువ. కిలో 150 రూపాయలనుకుంటే ఆ తేడా 200 రూపాయలకు పైమాటే. చిన్న ప్యాకెట్లలోనూ లీటరుకు బదులు 800, 750 గ్రాములవి వస్తున్నాయి. ప్యాకెట్ మీద యూనిట్ ధర వేయాలన్న నిబంధన ఉంది కాబట్టి ఆ చిన్న గీతను చదివి కొనండి.

ముగ్గురూ పంచుకునేటట్టయితే తెచ్చిన రోజే స్టీలు డబ్బాల్లోకి వంపేయండి. డబ్బాలో తడి ఉండకూడదు, పొయ్యి పక్కన పెట్టకూడదు. ముగ్గురిలో ఒకరు ఊరెళ్ళి వారి వాటా మీ ఇంట్లోనే ఉండిపోయేటట్టయితే టిన్ను జోలికి పోవద్దు, మీకు ఐదు లీటర్ల క్యాను చాలు. ఆవకాయ పెట్టే నెలలో మాత్రం మూడిళ్ళకూ కలిపి ఒక టిన్ను తెప్పించుకోండి, అప్పుడు వారంలో ఖాళీ అవుతుంది.