గుంటూరు–విజయవాడ రోజువారీ ఉద్యోగ ప్రయాణికుల లెక్క ఎలా తీయాలి?

2011 తర్వాత గుంటూరు నుంచి విజయవాడకు రోజూ పనికి వెళ్లొచ్చేవాళ్లు ఎంత పెరిగారో తేల్చాలి. 2011 జనగణన బి-28 పట్టికలో దూరం, ప్రయాణ సాధనం ఉన్నాయి గానీ ఏ ఊరికి వెళ్తున్నారో లేదు. రైతులు, వ్యవసాయ కూలీలు అందులోకి రారు. పైగా 2022లో జిల్లాలు విడిపోయాయి, పాత అంకెలతో నేరుగా పోల్చలేం. వెలగపూడి సచివాలయం రద్దీ 2011 నాటికి లేనే లేదు.

ఈ దారిలోని కాజ టోల్‌గేటు లెక్క చాలదు: బైకులకు టోల్ ఉండదు, బస్సులో ఎందరున్నా ఒకటే వాహనం. నా దృష్టిలో రైల్వే సీజన్ టికెట్లే నమ్మదగ్గవి. మూడు నెలల టికెట్‌ను మూడు నెలవారీ టికెట్లుగా లెక్కగట్టి, విద్యార్థుల రాయితీవి తీసేయాలి.

స్టేషన్ల జంటవారీగా ఈ సంఖ్యలు సమాచార హక్కు కింద గుంటూరు డివిజన్‌ను అడగాలా, విజయవాడనా? ఆర్టీసీ పాసులకూ రూట్‌వారీ లెక్క దొరుకుతుందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.