కుటుంబ ఆన్‌లైన్ వ్యాపారం: దశమభాగం అమ్మకాల మీద తీయాలా, లాభం మీద తీయాలా?

ఆవగింజ:
అందరికీ వందనాలు. భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలు కలిసి ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముతున్నారనుకోండి. జీతగాడికైతే దశమభాగంతో చిక్కు లేదు, జీతంలో పదో వంతు దేవునికి కానుకగా తీసేస్తాడు. వ్యాపారంలో "రాబడి" అంటే ఏది? కస్టమర్ కట్టిన మొత్తమా, ప్లాట్‌ఫామ్ తన కమిషన్ పట్టుకుని పంపేదా, అన్ని ఖర్చులూ పోగా మిగిలేదా? నా మాట ముందే చెప్పేస్తున్నా: అమ్మకాల మీదే తీయాలి. బైబిల్లో సామెతలు 3:9లో "నీ రాబడి అంతటిలో ప్రథమఫలమును" అని ఉంది. అంతటిలో అన్నాక ఖర్చులు తీసేసుకునే హక్కు మనకెక్కడిది? రైతు ఎద్దుల మేత ఖర్చు తీసేసి పంట కొలవలేదు కదా.

చిట్టాపద్దు:
బ్రదర్, ముందు ఒక్క ఆర్డరు లెక్క వేసి, ఆ తర్వాత వాక్యం దగ్గరికి వద్దాం. అమ్మిన ధర 1000 అనుకోండి, ఏ దేశం డబ్బైనా సరే. సరుకు ఖరీదు, మన దగ్గరికి చేరే రవాణాతో కలిపి 450. కమిషన్ 15 శాతం, అంటే 150. పేమెంట్ గేట్‌వేకి, అంటే ఆన్‌లైన్ చెల్లింపు నడిపే సంస్థకి, 25. డబ్బా, టేపు, లేబులు 30. కొరియర్ 90. ప్రకటనలకి ఆర్డరుకి సగటున 120. రిటర్నుల కోసం పక్కన పెట్టేది 40. మొత్తం 905 పోతే 95 మిగిలింది.

అమ్మకం మీద పదో వంతు 100. అంటే అమ్మిన ప్రతి వస్తువుకీ 5 చేతి నుంచి పడుతుంది. అమ్మకాలు పెరిగేకొద్దీ ఆ గుంత లోతవుతుంది. దాన్ని పూడ్చేది ఎవరి డబ్బు? అరువు మీద సరుకిచ్చినవాడిది. అతని చెల్లింపు వారం, రెండు వారాలు వెనక్కి జరుగుతుంది. కానుక మన పేరున వెళ్తుంది, భారం అతను మోస్తాడు. "కొర్బాను", అంటే ఇది దేవార్పితం, అని చెప్పి తల్లిదండ్రుల పోషణ తప్పించుకున్నవాళ్లని మార్కు 7లో ప్రభువు గద్దించింది ఇలాంటి పనికే.

ఆవగింజ:
మార్జిన్ అంత సన్నగా ఉంటే ధర పెంచుకోవాలి. దేవుని భాగం తగ్గిస్తారా?

సరియైనగుండు:
ధర పెంచడం మన చేతిలో ఉన్నంత తేలిక కాదు, అదే వస్తువు పక్క పేజీలో ఇంకొకడు అమ్ముతుంటాడు. అది అటుంచి, రైతు పోలికే చూద్దాం. ద్వితీయోపదేశకాండము 14:22 చెప్పేది విత్తనాల వల్ల వచ్చిన పంట గురించి. వ్యాపారి 450 పెట్టి కొన్న సరుకు పంట కాదు, విత్తనం. 450 మళ్లీ 450గా చేతికొస్తే పెరిగిందేమీ లేదు. రైతుకి విత్తనం పంటలో చిన్న పాలు కాబట్టి తేడా కనపడదు. ఇక్కడ అది దాదాపు సగం.

ఈ తేడా మనం కనిపెట్టింది కూడా కాదు. యూదుల ఆచారంలో పొలం పంట మీద ఖర్చులు తీయకుండానే దశమభాగం తీస్తారు. డబ్బు సంపాదన మీద తీసే దశమభాగాన్ని మాసేర్ కెసాఫిమ్ అంటారు. దానికి మాత్రం వ్యాపార ఖర్చులు పోగా మిగిలిన లాభమే లెక్క.

ఆవగింజ:
సరే, 450 సంగతి ఒప్పుకుంటా. అయితే మిగిలిన 550 మీద తీయండి, 55 అవుతుంది. ప్రకటనలు, రంగుల డబ్బాలు మనం ఎంచుకున్న ఖర్చులు. "లాభం" అనే మాటను ఎటు లాగితే అటు సాగుతుంది. ఇంటి ఇంటర్నెట్టు, కారు ఇంధనం, పిల్లాడి ల్యాప్‌టాప్ అన్నీ అందులో తోసేస్తే ఏడాది చివర సున్నా తేలుతుంది. అమ్మకాల అంకెను అలా సాగదీయలేరు.

రూతుపరిగె:
సాగుతుందన్న మాట నిజమే బ్రదర్. కానీ మీరు చెప్పిన ల్యాప్‌టాప్ కంటే పెద్ద కన్నం సరుకు నిల్వలో ఉంది. చాలా ఇళ్లలో సరుకు కొన్న రోజే మొత్తం ఖర్చు కింద రాసేస్తారు. ఉదాహరణకి ఏడాది మొదట్లో గదిలో 20,000 విలువ చేసే సరుకు ఉంది. ఏడాదిలో 90,000 పెట్టి కొన్నారు. చివర్లో లెక్కపెడితే 45,000 విలువైన సరుకు మిగిలింది. అమ్ముడైన సరుకు ఖరీదు 20,000 ప్లస్ 90,000 మైనస్ 45,000, అంటే 65,000. పుస్తకంలో మాత్రం 90,000 ఖర్చు ఉంటుంది. ఆ 25,000 లాభం అట్టపెట్టెల్లో కూర్చుని ఉంది, ఎవరూ చూడరు. ఏటా నిల్వ పెరుగుతూ పోతే ఏటా లాభం లేదనే తేలుతుంది. కాబట్టి కనీసం మూడు నెలలకోసారి గదిలోకి వెళ్లి చేత్తో లెక్కపెట్టాలి, యాప్‌లో చూపించే నిల్వ సంఖ్యని నమ్మకూడదు. పాడైనవి, మూత పగిలినవి విడిగా రాసి వాటి విలువ తగ్గించాలి. "నీ పశువుల స్థితి జాగ్రత్తగా తెలిసికొనుము" అన్నది సామెతలు 27:23లోనే ఉంది.

ఇంకోటి, చిట్టాపద్దు గారు రిటర్నులకి పెట్టిన 40 చాలదు. 100 ఆర్డర్లకి 8 వెనక్కి వస్తాయనుకోండి. రిటర్నుల పద్దు తీసేస్తే, నిలిచిన ఆర్డరుకి 135 మిగులుతుంది. 92 ఆర్డర్లకి 12,420. వెనక్కొచ్చిన దానికి గేట్‌వే 25, డబ్బా 30, వెళ్లిన కొరియర్ 90, ప్రకటన 120, తిరుగు కొరియర్ 90, కలిపి 355 పోయినట్టే. కమిషన్ తిరిగి ఇస్తారనే అనుకుందాం. వచ్చినవాటిలో సగం మళ్లీ అమ్మడానికి పనికిరాకపోతే సగటున ఇంకో 225. అంటే ఒక్కో రిటర్నుకి 580, ఎనిమిదింటికి 4,640. చివరికి 7,780, ఆర్డరుకి 78 లోపే. 100కి 19 వెనక్కొస్తే మొత్తం మీద నష్టంలో పడతాం. ఆవగింజ గారు తీయమన్న 55 పక్కన, మిగిలే ఈ 78 పెట్టి చూడండి.

చిట్టాపద్దు:
ఒప్పుకుంటున్నా, 135లో 78 పోగా రిటర్నులకి ఆర్డరుకి 57 పెట్టాలి. 40 అన్నది అలవాటుగా రాసేసిన అంకె.

నాలుగోఖాతా:
అసలు తప్పు ఇంకా ముందే జరుగుతోంది. ఈ 78లో ఇంటివాళ్ల కూలీ ఎక్కడ? రాత్రిళ్లు ప్యాకింగ్ చేసే భార్యకి, ఫొటోలు తీసే కూతురికి ఏమీ రాయకుండా మిగిలినదాన్ని లాభం అంటున్నాం. కూలివాడి కూలి సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24:15 చెప్తుంది. ఇంటివాళ్లకి ఆ మాట వర్తించదని ఎక్కడా లేదు. ఇంటి డబ్బు, వ్యాపారం డబ్బు ఒకే సంచిలో ఉన్నంతకాలం అమ్మకాల మీదా లాభం మీదా అన్న వాదన తేలదు, ఎందుకంటే రెండు అంకెలూ తప్పే.

సెటిల్‌మెంట్, అంటే ప్లాట్‌ఫామ్ లెక్క చూసి మనకి పంపే డబ్బు, వచ్చిన రోజు చేయాల్సిన పని ఇది. బ్యాంకులో పడిన అంకెను అమ్మకంగా రాయొద్దు. సెటిల్‌మెంట్ రిపోర్టు దించుకుని అమ్మకం, కమిషన్, రిఫండ్లు, ప్లాట్‌ఫామ్ ఆపి ఉంచిన మొత్తం విడివిడిగా ఎక్కించాలి. కస్టమర్ దగ్గర వసూలు చేసిన అమ్మకపు పన్ను ముందుగా వేరే ఖాతాలోకి పోవాలి. అది కైసరుది, అంటే ప్రభుత్వానిది, మన రాబడిలో ఎప్పుడూ లేదు, కాబట్టి దాని మీద దశమభాగం ప్రశ్నే రాదు. రెండో ఖాతా సరుకుది. అమ్ముడైన ప్రతి వస్తువుకీ ఈసారి కొనబోయే ధర చొప్పున అందులో వేయాలి. పాత ధర వేస్తే రేటు పెరిగినప్పుడు మళ్లీ కొనడానికి చాలదు. రిటర్నుల 57 కూడా అక్కడే. కొరియర్, ప్రకటనల బిల్లులు కట్టాక మూడో ఖాతా కూలీది. బయటివాళ్లని పెట్టుకుంటే గంటకి ఎంత ఇస్తామో అంతే రాయాలి. నాలుగోది కానుకది.

కూలీ అందుకున్న వ్యక్తి తన కూలీ మీద తను దశమభాగం తీస్తారు. మిగిలిన లాభం మీద వ్యాపారం తరఫున తీయాలి. ఆర్డరుకి కూలీ 40, లాభం 38 అయితే మొత్తం అదే 78, ఇచ్చే చెయ్యి మాత్రం మారుతుంది. భార్య కానుక ఎంతో భర్త నిర్ణయించడం దీనితో ఆగుతుంది, ఇది చిన్న విషయమేం కాదు.

ఆవగింజ:
పద్ధతి బాగుంది. కానీ లాభం తేలేది మూడు నెలలకి. ప్రథమఫలం అంటే ముందు తీసేది, అన్నీ అయ్యాక మిగిలింది కాదు కదా.

నాలుగోఖాతా:
దానికీ దారుంది. గడిచిన మూడు నెలల్లో కూలీ, లాభం కలిపి అమ్మకాల్లో 7.8 శాతం వచ్చిందనుకోండి. ఇప్పుడు ప్రతి వారం అమ్మకాల్లో 0.78 శాతం, అంటే వెయ్యికి దాదాపు 8, ముందే కానుక ఖాతాకి తీసేయండి. ఇంటివాళ్లు కూలీ మీద తీసేది కూడా అందులోంచే వెళ్తుంది, రెండుసార్లు తీయొద్దు. మూడు నెలలయ్యాక అసలు లెక్కతో సరిచూసి తక్కువైతే కలపండి. 1 కొరింథీయులకు 16:2లో వారం వారం పక్కన పెట్టమన్నదీ, "వర్ధిల్లిన కొలది" అన్నదీ రెండూ నెరవేరతాయి.

కొత్తనిబంధన:
కొత్త నిబంధన సంఘానికి పదో వంతు అనే లెక్కే లేదు, 2 కొరింథీయులకు 9:7 చదవండి.

సరియైనగుండు:
అది వేరే చర్చ. పదో వంతు కాకుండా ఏడో వంతు ఇచ్చేవాడికైనా దేంట్లో ఏడో వంతో తెలియాలి కదా.

రూతుపరిగె:
అప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్లాట్‌ఫామ్‌లు రాబోయే అమ్మకాల మీద అడ్వాన్సు ఇస్తుంటాయి. 10,000 ఇచ్చి 11,200 వసూలు, ప్రతి సెటిల్‌మెంట్‌లో కొంత శాతం కోత. చూడటానికి 12 శాతమే. కానీ 60 రోజుల్లో తీరిపోతే, బాకీ రోజూ తరుగుతూ వస్తుంది కాబట్టి సగటున మన దగ్గర ఉన్నది 5,000 చిల్లరే. ఏడాది వడ్డీగా చూస్తే వంద శాతం దాటిపోతుంది. అమ్మకాలు బాగుంటే బాకీ ఇంకా త్వరగా తీరుతుంది, అంటే ఆ వడ్డీ ఇంకా పెరుగుతుంది. "అప్పుచేయువాడు అప్పిచ్చినవానికి దాసుడు" అన్నదానికి ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు. అమ్మకాల మీద కానుక ఇవ్వడం కోసం ఇలాంటి అడ్వాన్సు తీసుకునేవాళ్లూ ఉన్నారు. ఆ 10,000 రాబడి కాదు, దాని మీద కానుక తీయనక్కర్లేదు. వడ్డీ మాత్రం ఖర్చే, నిజాయతీగా రాయాలి.

సరియైనగుండు:
నాలుగోఖాతా గారి పద్ధతిలో ఒక సందు మిగిలింది. లాభాన్ని తీసుకోకుండా మళ్లీ సరుకులోనే పెడితే? తీసుకున్నదాని మీదే కానుక అంటే, పదేళ్లు తీసుకోనివాడు పదేళ్లు ఇవ్వడు. నా లెక్కలో లాభం తేలిన రోజే కానుక తీయాలి, మళ్లీ పెట్టుబడి పెట్టడం ఆ తర్వాతి నిర్ణయం.

చిట్టాపద్దు:
అక్కడ నేను ఒప్పుకోను. లాభం సరుకు రూపంలో ఉన్నప్పుడు నగదు కానుక తీస్తే సరుకిచ్చినవాడి బాకీ మళ్లీ ఆలస్యమవుతుంది, మొదట్లో చెప్పిన గుంతే. "రేపు ఇచ్చెదను పోయి రమ్మని" పొరుగువానితో అనొద్దన్న మాట (సామెతలు 3:28) అతనికీ వర్తిస్తుంది. ఆ లాభం మీద కానుకని కానుక ఖాతా పక్కన బాకీగా రాసుకుని, సరుకు అమ్ముడైన కొద్దీ తీర్చాలి. రాసిపెట్టకపోతే మాత్రం మీరన్న సందే.

ఆవగింజ:
ఒకటి అడిగి ఆపుతా. కానుక ఇచ్చేశాక ఆర్డరు వెనక్కి వస్తే?

నాలుగోఖాతా:
ఇచ్చింది తిరిగి అడగరు, తర్వాతి వారం లెక్కలో తగ్గించుకుంటారు. అది తరచూ జరుగుతోందంటే రిటర్ను గడువు ముగియకముందే లాభం రాసేస్తున్నారని అర్థం. 30 రోజుల గడువుంటే 45 రోజుల పాత ఆర్డర్లని మాత్రమే లాభంలోకి తీసుకోండి. గడువు చివరి రోజు పంపిన రిటర్ను చేరి, రిఫండ్ సెటిల్‌మెంట్‌లో కనపడటానికి ఆ 15 రోజులూ పడతాయి.