ములుగు, ఏటూరునాగారం నుంచి బ్లడ్ కల్చర్ సీసాలు హన్మకొండకు పంపుడు దండగనా?

ములుగు_డాక్టర్:
బ్లడ్ కల్చర్ అంటే రక్తాన్ని సీసాలో వేసి, అందులో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష. ఈ జ్వరాల సీజన్‌లో మాకూ, మేం సీసాలు పంపే హన్మకొండ ల్యాబ్‌కూ రోజూ ఇదే పంచాయితీ. "కల్చర్ కావాలంటే పేషెంటునే పంపండి, సీసాలు దారిలోనే ఆలస్యమై పనికిరాకుండా పోతున్నాయి" అని వాళ్లంటారు. నేను ఒప్పుకోను. బీపీ పడిపోతున్న మనిషిని యాంటీబయాటిక్ వేయకుండా గంటకు పైగా అంబులెన్స్‌లో పంపలేను కదా. షాక్‌లో ఉన్నవాళ్లకు గంటలోపే మందు పడాలని సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి రావడం) మార్గదర్శకాలే చెప్తున్నాయి. పోనీ సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ వేసి పంపుదామంటే, వరంగల్ చేరాక తీసే రక్తంలో ఏమీ పెరగకపోవచ్చు. అందుకే మందుకు ముందే ఇక్కడ రక్తం తీసి, సీసాలు వెనక పంపడమే దారి అంటాను. మీరేమంటారు?

బెంచి_మనిషి:
సార్, ల్యాబ్‌లో కూర్చునేవాడిని, నేను చూసేది చెప్తా. సీసాలను చల్లబెట్టకూడదు, అయినా ఐస్ పెట్టెలో వస్తాయి. పది మి.లీ. పట్టే సీసాలో రెండు మి.లీ. ఉంటుంది. ఎప్పుడు తీశారో రాసి ఉండదు. కొన్నిచోట్ల మామూలు రక్తపరీక్షలకు వాడే ఊదా మూత ట్యూబులో రక్తం పంపి "దీన్నే కల్చర్ పెట్టండి" అంటారు. పైన అతికించే లేబుల్‌ను సరిగ్గా సీసా బార్‌కోడ్ మీదే అతికిస్తారు, లేదంటే అడుగున సెన్సర్ మీద. బ్యాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడ్‌కు ఆ సెన్సరే స్పందిస్తుంది, మిషన్ దాన్నే చదువుతుంది. దాన్ని కప్పేస్తే ఇంకేం చదువుతుంది?

అన్నింటికంటే తలనొప్పి చర్మం మీది స్టాఫిలోకోకస్. ఒక్క సీసాలో అది పెరుగుతుంది. అది పేషెంటు రక్తంలోదా, తీసినవాళ్ల చేతిదా అని తేల్చడానికి రెండో సెట్ (ఇంకో చేతి నుంచి తీసిన రెండు సీసాల జత) ఉండదు. పైనున్న డాక్టరు భయపడి వాంకోమైసిన్ అనే ఖరీదైన యాంటీబయాటిక్ మొదలుపెడతారు. తప్పు రిపోర్టు కన్నా రిపోర్టు లేకపోవుడే నయం. అందుకే పేషెంటునే పంపమంటున్నాం.

జంపన్నవాగు:
మీరిద్దరూ పెద్దోళ్లు, నేను పైసలు కట్టేటోణ్ని. పోయిన ఏడు మా బాపుకు జరమొస్తే గిట్లనే రెండు సీసాలు నింపిండ్రు. ఐదు రోజులకు కాయితమిచ్చిండ్రు, ఏం పెరగలేదని. అప్పటికే బాపు ఇంటికొచ్చి బువ్వ తింటుండె. గా కాయితంతోని మాకేం ఫాయిదా? ఇప్పుడేమో రెండు చేతులకెల్లి నాలుగు సీసాలంటున్నరు. రగతం మాదే, బిల్లు మాదే.

పీజీ_మైక్రో:
జంపన్నవాగు అన్నా, మీరడిగింది నూరుపాళ్లు న్యాయమైన ప్రశ్న. ప్రతి జ్వరానికీ కల్చర్ అక్కర్లేదు. డెంగీ ఈ సీసాల్లో పెరగదు, మలేరియా పెరగదు, స్క్రబ్ టైఫస్ కూడా పెరగదు. ఏజెన్సీలో జ్వరమంటే ముందు మలేరియా స్లైడు చూడాలి. చలితో వణుకుతున్నవాళ్లకు, బీపీ పడిపోతున్నవాళ్లకు, గుండె కవాటాల జబ్బున్నవాళ్లకు, టైఫాయిడ్ అనుమానమున్నవాళ్లకు కల్చర్ కావాలి. టైఫాయిడ్‌లోనైతే మొదటి వారమే మంచి సమయం, అప్పుడు కూడా దాదాపు సగం మందిలోనే దొరుకుతుంది. అలాగని మన దగ్గర వీధివీధినా టైఫాయిడ్‌కు చేసే వైడల్ రక్తపరీక్ష మీద ఆధారపడదామా? అది 1896 నాటి పరీక్ష. ఎప్పుడో వచ్చిపోయిన జ్వరానికీ పాజిటివ్ చూపిస్తుంది. ఏ మందు పనిచేస్తుందో మాత్రం చెప్పదు. అది చెప్పేది కల్చరే.

ఇక బెంచి_మనిషి గారూ, మీరు చెప్పిన తప్పుల్లో దూరం వల్ల జరిగింది ఒక్కటైనా ఉందా? రెండు మి.లీ. తీయడం, ఐస్‌లో పెట్టడం, లేబుల్, ఒక్కటే సెట్ తీయడం, ఇవన్నీ హన్మకొండ నడిబొడ్డున కూడా జరుగుతాయి. పెద్దవాళ్ల రక్తంలో ఒక మి.లీ.కి ఒకటో రెండో బ్యాక్టీరియాలే ఉండొచ్చు. అందుకే సీసాకు 8 నుంచి 10 మి.లీ., రెండు సెట్లు అంటారు. దూరంతో వచ్చే నష్టం అసలే లేదనను. రెండు గంటల్లో మిషన్‌లో పడితే మంచిది, నాలుగు దాటితే పనితనం తగ్గొచ్చు. కానీ తగ్గడం వేరు, చచ్చిపోవడం వేరు. మందు పడ్డాక తీసిన రక్తంలో పోయే అవకాశంతో పోలిస్తే ఈ ఆలస్యం చిన్నది.

బెంచి_మనిషి:
నాలుగు గంటలనేది చల్లని దేశాల్లో రాసిన మాట మేడమ్. వాళ్లు గది ఉష్ణోగ్రత అంటే ఇరవై, పాతిక డిగ్రీలు. మే నెలలో రామగుండంలో గది ఎంతుంటుంది? ఆర్టీసీ కార్గో పెట్టె బస్సు డిక్కీలో ఎంత కాగుతుంది?

పీజీ_మైక్రో:
ఇది మాత్రం దూరానికి సంబంధించిన అసలు అభ్యంతరం, నేనే మొదట చెప్పాల్సింది. ఎండాకాలం సీసాను డిక్కీలో వేయొద్దు. ఐస్ లేని థర్మాకోల్ పెట్టెలో పెట్టి, మనిషి చేత్తో పట్టుకొని రావాలి. కొందరు అతితెలివికి పోయి ఊళ్లోనే 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో రాత్రంతా ఉంచి పొద్దున పంపుతారు. అది ఇంకా ప్రమాదం. బ్యాక్టీరియా పెరిగే వేగాన్ని బట్టే మిషన్ పట్టుకుంటుంది. పెరగడమంతా బయటే అయిపోతే లోపల పెట్టాక తేడా ఏమీ కనిపించక నెగటివ్ అనేస్తుంది. అలాంటి సీసా వస్తే మిషన్‌ను నమ్మకుండా వెంటనే కొంచెం తీసి స్లైడు మీద గ్రామ్ స్టెయిన్ చేసి (రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూసి), బ్యాక్టీరియాను పెంచే ప్లేటు మీద కూడా వేయాలి.

నర్సంపేట_సిస్టర్:
రక్తం తీసేది మేము కాబట్టి నన్నూ కొంచెం చెప్పనీయండి. తప్పులన్నీ నర్సుల మీదికే వస్తున్నయి, కానీ నైట్ డ్యూటీలో ముప్పై మంది పేషెంట్లకు ఇద్దరం ఉంటం. "కల్చర్ తీయండి" అంటరు, ఎట్ల తీయాలో ఎవరూ చూపియ్యరు. నేను పీజీ మేడమ్‌లను పట్టుకొని నేర్చుకున్న.

చేతులు కడిగి, టార్నికెట్ కట్టి ముందే నరం చూసుకోవాలె. క్లోర్‌హెక్సిడిన్, స్పిరిట్ కలిసిన ద్రావణంతో అర నిమిషం రుద్ది, పూర్తిగా ఆరనియ్యాలె. ఆ ఆరుడే అసలు పని, ఊదొద్దు, తుడువొద్దు. మళ్లీ వేలితో నరం తడిమితే కథ మొదటికొస్తది. సీసా ప్లాస్టిక్ మూత తీసినాక కింద రబ్బరు శుభ్రంగనే ఉందనుకుంటరు, ఉండదు, దాన్ని కూడా స్పిరిట్‌తో తుడిచి ఆరనియ్యాలె. సిరంజితో తీస్తే గాలి పోకుండా ముందు గాలి అక్కర్లేని సీసా, తర్వాత గాలి సీసా. బటర్‌ఫ్లై సూదితో నేరుగా తీస్తే ట్యూబులో గాలి ఉంటది కాబట్టి ఉల్టా. మిగతా ట్యూబులన్నిటికంటె ముందు కల్చర్ సీసాలే నింపాలె. పాత క్యానులా నుంచి తీయొద్దు. సీసాకు ఎక్కించే ముందు సూది మార్చుడు అవసరం లేదు, ఆ మార్చుడుల మనకే గుచ్చుకుంటది. రెండో సెట్ రెండో చేతికెల్లి. అంతా కలిపి పావుగంట, ఆ పావుగంటలో మందు కలిపి పక్కన సిద్ధంగా పెట్టుకుంట.

జంపన్నవాగు అన్నా, ఒక్క చేతికెల్లి తీస్తే బిల్లు సగమే. కానీ అందులో చర్మం మీది పురుగు పెరిగితే మీ బాపుకు పది రోజుల ఖరీదైన మందు ఎక్కిస్తరు. రెండో చెయ్యి ఆ పైసలు ఆపడానికే.

జంపన్నవాగు:
సిస్టర్, ఈ ముక్క ఆనాడు ఎవరన్నా చెప్పి ఉంటే లొల్లి పెట్టేటోణ్నే కాదు.

బెంచి_మనిషి:
సిస్టర్ చెప్పినట్టు తీసి పంపే వాళ్ల సీసాలు నేను ఎక్కడి నుంచైనా తీసుకుంటా. నా భయం ఇంకొకటి. సీసా రాత్రి రెండింటికి పాజిటివ్ అని మోగుతుంది. గ్రామ్ స్టెయిన్ చేసి ఫోన్ చేస్తే అక్కడ ఎత్తేవాళ్లుండరు. పొద్దున పదింటికి ఎత్తి "పేషెంటును వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పంపినం" అంటారు. ఏ వార్డు? తెలియదు. సీసా ఒక ఊళ్లో, పేషెంటు ఒక ఊళ్లో ఉంటే రిపోర్టు ఎవరికియ్యాలి?

పీజీ_మైక్రో:
దీనికి నా దగ్గర పుస్తకం జవాబు లేదు. మట్టిలోని బ్యాక్టీరియాతో వచ్చే మెలియాయిడోసిస్ లాంటిదైతే ఈ ఆలస్యం ప్రాణం మీదికొస్తుంది. షుగర్ ఉన్న వరి రైతుల్లో, వానాకాలంలో వస్తుంది. చాలా ల్యాబ్‌లు దాన్ని "ఏదో సూడోమోనాస్" అని పక్కన పెట్టేస్తాయి. మామూలుగా వేసే సెఫ్ట్రియాక్సోన్ దానికి చాలదు, సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ కావాలి. ఆ ఫోన్ ఎత్తకపోతే కల్చర్ తీసీ తీయనట్టే.

ములుగు_డాక్టర్:
సరే. సీసాలు పంపడం ఆపను, కానీ పద్ధతి మారుస్తా. రిఫర్ చేసే ప్రతి పేషెంటు చీటీ మీద కల్చర్ తీసిన టైము, ల్యాబ్ ఫోన్ నంబరు పెద్దక్షరాల్లో రాయిస్తా. రిక్వెస్ట్ ఫారం మీద నా సొంత నంబరు, పేషెంటు వెంట ఉన్నవాళ్ల నంబరు రెండూ ఉంటాయి. రాత్రి రెండింటికైనా చేయండి, ఎత్తుతా. ఎండాకాలం సంగతి ఎండాకాలం వచ్చాక మాట్లాడుకుందాం, డిక్కీ మాత్రం బంద్.

బెంచి_మనిషి:
నంబరు రాయిస్తే చాలు సార్. ఇంకొకటి, మీ పిల్లవాడు రాత్రిపూట పెట్టె తెచ్చి కింద వాచ్‌మన్‌కు ఇచ్చి పోతున్నాడు. ఆయన భద్రంగా ఉంటుందని ఫ్రిజ్‌లో పెడుతున్నాడు. రెండో అంతస్తుకు ఎక్కి మా చేతికే ఇమ్మనండి.