కొడుకు అప్పుకు అమ్మానాన్నల గుమ్మం ఎక్కే రికవరీ ఏజెంట్లు: కట్టేయాలా, పొమ్మనాలా?

పద్దుపుస్తకం (చర్చ మొదలు; ఇక్కడి పేర్లన్నీ రాసేవాళ్ల మారుపేర్లు)

ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో మళ్లీ మళ్లీ వస్తోంది. ఒక ఉదాహరణ పెట్టుకుని వాదించుకుందాం. అబ్బాయికి ముప్పై ఏళ్లు. మాదాపూర్‌లో ఉద్యోగం పోయింది. రెండు క్రెడిట్ కార్డులు, ఒక పర్సనల్ లోను, మూడు లోన్ యాప్‌లు కలిపి 9 లక్షల బాకీ. అతను ఫోన్ ఎత్తడం లేదు. ఏజెంట్లు వనస్థలిపురంలో ఉంటున్న రిటైరైన తండ్రి వెంట పడ్డారు. ఆయన దగ్గర కొంత ఎఫ్‌డీ ఉంది. తీసి కట్టాలా?

కట్టకూడదనే నేనంటాను. పద్దెనిమిది నిండినవాడు చేసిన అప్పు వాడిదే. హామీ సంతకం పెట్టనివాళ్ల మీదికి అది రాదు. ‘కన్నందుకు మీదే బాధ్యత’ అని ఏజెంటు అనే మాటకు చట్టంలో చోటు లేదు. పాత హిందూ ధర్మశాస్త్రంలో తండ్రి అప్పు కొడుకు తీర్చాలన్న నియమం ఉండేది. 2005లో వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు, ఆ తర్వాత చేసే అప్పులకు దాన్నీ ఎత్తేశారు. కొడుకు అప్పు తండ్రి తీర్చాలన్న నియమం మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

షూరిటీ సంతకం

సంతకం లేకపోతే అన్నారు కదా, చాలామందికి తాము సంతకం పెట్టిన సంగతే గుర్తుండదు. ముందు అది తేల్చుకోవాలి.

విద్యా రుణమైతే దాదాపు ఖాయంగా తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా ఉంటారు. 4 లక్షల లోపు తనఖా అడగరు కానీ తల్లిదండ్రుల సంతకం అడుగుతారు. అక్కడ మీరు హామీదారు కూడా కాదు, నేరుగా బాకీదారే. హామీదారు అయినా పెద్ద తేడా ఉండదు. కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం అసలు బాకీదారుతో సమానంగా బాధ్యత ఉంటుంది. ‘ముందు మావాణ్ని అడగండి, తర్వాత నా దగ్గరికి రండి’ అంటే సాధారణంగా చెల్లదు.

నలుగురు క్రెడిట్ బ్యూరోలవాళ్లూ, అంటే సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అబ్బాయి రిపోర్టు కాదు, మీ పాన్ మీద మీ రిపోర్టు తీయండి. ఖాతా ఎదురుగా ‘జాయింట్’ అనో ‘గ్యారంటర్’ అనో ఉంటే ఆ అప్పు మీది కూడా.

చిట్టీ షూరిటీ అందులో కనిపిస్తుందని నమ్ముకోవద్దు. కొడుకు చిట్టీ పాడుకుంటే ఉద్యోగంలో ఉన్న తండ్రి జీతం సర్టిఫికెట్ ఇచ్చి షూరిటీ పెట్టడం మన ఊళ్లో మామూలే. చిట్ ఫండ్స్ చట్టం 1982 కింద కంపెనీవాళ్లు రిజిస్ట్రార్ దగ్గర వివాదం వేస్తారు. అక్కడ వచ్చిన అవార్డు, అంటే తీర్పు, కోర్టు డిక్రీలాగే అమలవుతుంది, జీతం జప్తు దాకా వెళ్తుంది. లెక్క ఇదీ: జీతంలో మొదటి 1,000 రూపాయలు వదిలేసి, మిగతాదాంట్లో మూడో వంతు. 46,000 జీతమైతే నెలకు 15,000 దాకా పట్టుకోవచ్చు. రిటైరయ్యాక పింఛను మీదికి రాలేరు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కాపాడుతుంది. పింఛను, గ్రాట్యుటీ డబ్బు ఎఫ్‌డీ చేసుకున్నా ఆ రక్షణ పోదని సుప్రీంకోర్టు ఒక హామీదారు కేసులోనే చెప్పింది. ఏజెంట్లు ఈ సంగతి చెప్పరు, ఎందుకు చెబుతారు!

రికవరీ డెస్క్

చట్టం సరే. ‘పైసా కట్టొద్దు’ అని అందరికీ ఒకే మందు రాయకండి. కార్డు మీద 2 లక్షల బాకీ, నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే వడ్డీ 7,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,260. నెలకు 8,260 పెరుగుతుంది, లేట్ ఫీజు కాకుండానే. మూడేళ్లు నాన్చితే అబ్బాయి ఇంటి లోను కలలూ పోతాయి, కొన్ని ఉద్యోగాల్లో జరిగే క్రెడిట్ తనిఖీలోనూ ఇబ్బందే. తండ్రి దగ్గర నిజంగా మిగులు డబ్బు ఉండి, ఇస్తే కొంపలంటుకోవు అనుకుంటే, సెటిల్‌మెంట్, అంటే బాకీ కొంత తగ్గించుకుని మిగతాది కట్టి ముగించడం, తెలివైన పనే. చేసే పద్ధతిలోనే మోసపోతారు.

ఏజెంటు చేతికి నగదు, అతని యూపీఐకి డబ్బు, రెండూ వద్దు. డబ్బు లోన్ ఖాతాకే వెళ్లాలి. దానికి ముందు బ్యాంకు లెటర్‌హెడ్ మీద సెటిల్‌మెంట్ లెటర్ తీసుకోండి. లోన్ ఖాతా నంబరు, ఈ రోజుకు మొత్తం బాకీ, ఒప్పుకున్న మొత్తం, వాయిదాల తేదీలు, మిగతాది మాఫీ అన్న వాక్యం, క్రెడిట్ బ్యూరోకు ‘సెటిల్డ్’ (తగ్గించి తీర్చారు) అని పంపుతారా ‘క్లోజ్డ్’ (పూర్తిగా తీరింది) అని పంపుతారా, ఇవన్నీ అందులో ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌ను నమ్మకండి, బ్రాంచికి గానీ కస్టమర్ కేర్‌కు గానీ ఫోన్ చేసి సరిచూసుకోండి. వాయిదాల సెటిల్‌మెంట్‌లో ఒక్క వాయిదా తప్పితే సాధారణంగా ఒప్పందం మొత్తం రద్దయి పాత బాకీ మళ్లీ నిలబడుతుంది. అందుకే ఒకే విడతలో కట్టగలిగినదానికే ఒప్పుకోండి. కట్టాక బాకీ లేదన్న నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి, నెలన్నర ఆగి క్రెడిట్ రిపోర్టు చూసుకోండి.

ఇంకో మాట. తండ్రి తన ఖాతా నుంచి నేరుగా కట్టకుండా కొడుకు ఖాతాకు పంపి, అతని చేతే కట్టించాలి. తండ్రి నుంచి కొడుకుకు వచ్చిన డబ్బు మీద పన్ను లేదు. రికార్డులో కట్టింది బాకీదారే అవుతాడు. లేకపోతే మిగతా ఐదు అప్పులవాళ్లూ రేపు మీ నంబరుకే వస్తారు.

పద్దుపుస్తకం

సెటిల్‌మెంట్ లెటర్ గురించి మీరు చెప్పినదంతా ఒప్పుకుంటాను. గొడవంతా లెటర్ లేకుండా కట్టే ‘చిన్న మొత్తం’ దగ్గర. ‘ప్రస్తుతానికి ఓ ఐదు వేలు వేయండి అంకుల్, ఫైలు ఆపేస్తా’ అంటాడు. మీ లెక్క ప్రకారమే ఐదు వేలు ఒక నెల వడ్డీకి కూడా సరిపోవు. ఇక నష్టం చూడండి. ఇలాంటి బాకీ మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. ఆ గడువులోపు బాకీదారు గానీ, అతను అధికారమిచ్చిన మనిషి గానీ కొంత కట్టినట్టు రాత ఉంటే, లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ కింద మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలు. రెండేళ్ల పది నెలల బాకీకి ఏజెంటు అకస్మాత్తుగా తీయగా మాట్లాడితే కారణం ఇదే కావచ్చు.

అంతకన్నా ప్రమాదం తెల్ల కాగితం. ‘మా అబ్బాయికి మూడు నెలలు గడువిస్తే, వాడు కట్టకపోతే నేను కడతాను’ అని తండ్రి రాసి సంతకం పెట్టాడనుకోండి. ఆ రోజు దాకా లేని హామీ ఆ రోజు పుడుతుంది. గడువివ్వడమే దానికి ప్రతిఫలం అవుతుందని కాంట్రాక్ట్ చట్టం 127వ సెక్షన్‌లో ఉదాహరణే ఉంది. చెక్కు ఇస్తే ఇంకా నేరుగా తగులుకుంటారు. ఇంకొకరి అప్పుకు ఇచ్చిన చెక్కు బౌన్సయినా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు నిలుస్తుందని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది.

ఎల్బీనగర్ యాదన్న

గివన్నీ మంచిగనే ఉన్నయి. నాకొక్కటి చెప్పున్రి. పొద్దుగాల ఇద్దరు బండి మీద గేటు కాడికొస్తరు. ఇంట్ల ముసలామె ఒక్కతే ఉంటది. ఏం మాట్లాడాలె, ఏం మాట్లాడొద్దు? 127, 138 ఆమెకు యాదికుంటయా?

చార్జిషీటు

యాదన్నా, ఆమెకు సెక్షన్లు అక్కర్లేదు, రెండు మాటలు చాలు. గ్రిల్ తలుపు తీయకుండా, ‘ఐడీ కార్డు, బ్యాంకు ఇచ్చిన లెటర్ చూపించు’ అనాలి. చూపిస్తే ఫోన్‌లో ఫోటో తీసుకోవాలి. తర్వాత, ‘అప్పు మాది కాదు, మేం షూరిటీ కాదు, మళ్లీ రావద్దు, ఏమున్నా రాసి పంపండి.’ అంతే. కొడుకు కొత్త అడ్రసు, ఆఫీసు, కోడలి పుట్టిల్లు, ఏదీ చెప్పనక్కర్లేదు. లోపలికి రానిచ్చి మంచినీళ్లిచ్చి కూర్చోబెడితే గంటసేపు లేవరు. మర్యాద కోసం చేసే ఆ పనే కొంప ముంచుతుంది.

బ్యాంకు ఏజెంటు అయితే గుర్తింపు కార్డు, అధికార పత్రం వెంట ఉండాలి. ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. కుటుంబ సభ్యుల, స్నేహితుల ప్రైవసీలోకి చొరబడకూడదు, నలుగురిలో అవమానించకూడదు. ఫోన్ వేళలు, ప్రైవసీ, అవమానం గురించి రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న ఇచ్చిన సర్క్యులర్‌లో చెప్పింది. ఏజెంటు చేసినదానికి బ్యాంకే జవాబుదారీ. అపార్ట్‌మెంట్ అయితే వాచ్‌మన్ రిజిస్టర్‌లో పేరు, సమయం రాయించండి. సీసీ కెమెరా ఫుటేజీ చాలాచోట్ల కొద్ది రోజులకే చెరిగిపోతుంది, ఆ రోజే కాపీ తీసుకోండి.

ఆ రాత్రే బ్యాంకు గ్రీవెన్స్ ఆఫీసరుకు మెయిల్ పెట్టండి: తేదీ, సమయం, నంబరు, ఏమన్నారు, ‘నేను బాకీదారునూ కాను, హామీదారునూ కాను, నా నంబరు తీసేయండి’. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు. సాయానికి 14448. బ్యాంకుకు ముందు రాయకుండా నేరుగా అక్కడికెళ్తే తిప్పి పంపిస్తారు. చాలా ఫిర్యాదులు పోయేది ఇక్కడే.

బెదిరిస్తే, తోసుకొస్తే 112. అది రికవరీ కాదు, నేరం.

రికవరీ డెస్క్

స్టేషన్‌కు వెళ్తే ‘ఇది సివిల్ మేటర్’ అని పంపేస్తారు. ఆ సంగతీ చెప్పండి.

చార్జిషీటు

పంపేయడానికి సగం కారణం ఫిర్యాదు రాసే తీరు. ‘మా అబ్బాయి 9 లక్షలు అప్పు చేశాడు’ అని మొదలుపెడితే ఎస్సై మొదటి లైను దగ్గరే ఆగిపోతాడు. అప్పు ఊసు చివర్లో ఒక్క వాక్యం. మొదటి లైనులో ఫలానా తేదీ, ఫలానా సమయం, ఈ నంబరు నుంచి ఈ మాట అన్నారు, ఉన్నది ఉన్నట్టు, బూతు అయినా సరే. అప్పుడది భారతీయ న్యాయ సంహిత 351 కింద బెదిరింపు. భయపెట్టి డబ్బు లాగితే 308. ఇంట్లోకి చొరబడితే 329. అయినా తీసుకోకపోతే ఫిర్యాదును పోస్టులో పై అధికారికి పంపండి, నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ఆ దారి ఇస్తుంది. ఆ తర్వాత మేజిస్ట్రేటు.

లోన్ యాప్‌ల సంగతి వేరు. కాంటాక్టులు లాక్కుని ఫోటోలు మార్ఫింగ్ చేసి పంపేవాటితో సెటిల్‌మెంట్ మాటే వద్దు. ఒకసారి కడితే ఇంకో పేరుతో మళ్లీ అడుగుతారు. రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాల నియమాల ప్రకారం యాప్ మీ కాంటాక్టుల జోలికే వెళ్లకూడదు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి స్క్రీన్‌షాట్లు ఇవ్వండి. 2020 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు ఇలాంటి ముఠాలను పట్టుకున్నప్పుడు కాల్ సెంటర్లు మన ఊళ్లోనే బయటపడ్డాయి.

‘సైబర్ క్రైమ్ నుంచి మాట్లాడుతున్నాం, రేపు అరెస్టు’ అన్న ఫోన్ అబద్ధం. పోలీసులు బాకీలు వసూలు చేయరు. లోక్ అదాలత్ నోటీసు వస్తే కూడా గుండెలు బాదుకోవద్దు. కేసు వేయకముందు పంపే నోటీసైతే అది రాజీకి పిలుపే, శిక్ష కాదు. మధ్యవర్తి (ఆర్బిట్రేటర్) నోటీసు, కోర్టు సమన్లు మాత్రం పక్కన పడేయకండి. మీ పేరు మీద వస్తే వకీలుకు చూపించాల్సిందే.

ఎల్బీనగర్ యాదన్న

మా బస్తీల అందరిదొకటే మాట: ఐపీ (దివాలా అర్జీ) పెట్టియ్యాలె, లేకుంటే పోరగాని పేరు మీదున్న ప్లాటు తండ్రి పేరు మీద గిఫ్ట్ జేసుకోవాలె. నడుస్తదా?

షూరిటీ సంతకం

ప్లాటు సంగతి ముందు. అప్పులవాళ్లను తప్పించుకోవడానికి చేసిన బదిలీని ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కింద వాళ్లు కోర్టులో కొట్టేయించవచ్చు. బాకీ పడ్డాక రాసిన గిఫ్ట్ డీడ్ చూడగానే ఎవరికైనా అనుమానం వస్తుంది. పైగా అప్పటిదాకా ఏ సంబంధమూ లేని తండ్రిని తీసుకెళ్లి కేసులో ప్రతివాదిగా నిలబెట్టినట్టవుతుంది.

ఐపీ పెట్టడం కుదరదని కాదు, కానీ షూరిటీ పెట్టినవాళ్ల బాధ్యత దాంతో పోదు. కొడుకు తప్పుకుంటాడు, సంతకం పెట్టిన తండ్రి మిగులుతాడు. సంతకమే లేకపోతే తండ్రికి ఐపీ అవసరమేముంది?

తండ్రి సొంతంగా సంపాదించిన ఇల్లు కొడుకు అప్పుకు జప్తు కాదు. తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే అందులో కొడుకు వాటా ఉంటుంది, ఆ వాటా మీదికి డిక్రీదారు, అంటే కోర్టులో గెలిచిన అప్పులవాడు, రావచ్చు. ఇబ్రహీంపట్నంలో పంపకం కాని పొలం ఉన్నవాళ్లు ఈ మాట తేలిగ్గా తీసుకోకండి.

పద్దుపుస్తకం

రికవరీ డెస్క్ గారూ, మీ మాటతో నా మొదటి మాట కొంచెం మార్చుకుంటున్నాను. కట్టాలనుకుంటే వరుస ఇది: ముందు తల్లిదండ్రుల సంతకం ఉన్న అప్పు, తర్వాత చెక్కో ఆటో డెబిట్టో బౌన్సవుతున్నది, తర్వాత కార్డులు. దొంగ యాప్‌లకు ఎప్పటికీ లేదు. పింఛను డబ్బు, వైద్యానికి దాచిన ఎఫ్‌డీ ఏ వరుసలోకీ రావు. ఇందులో మనకు ఏకాభిప్రాయం కుదరదని తెలుసు.

రికవరీ డెస్క్

వైద్యానికి దాచినదాన్ని ముట్టుకోమని నేనూ అనలేదు.

ఎల్బీనగర్ యాదన్న

తండ్రీకొడుకులది ఒకటే జాయింట్ అకౌంట్ ఉంటే?

రికవరీ డెస్క్

అది ఈ రోజే చూసుకోండి. అబ్బాయి ఆ ఖాతా మీద ఈఎంఐ ఆటో డెబిట్‌కు ఒప్పుకుని ఉంటే, ఒకటో తారీఖున పింఛను పడగానే ఐదో తారీఖున పోతుంది. ఎవరూ బెదిరించరు, ఎవరూ గేటు కాడికి రారు. పింఛను ఖాతా భార్యాభర్తల పేరున మాత్రమే ఉండేలా మార్చుకోండి. పాత ఖాతా మూసేముందు దాని మీద ఏయే ఆటో డెబిట్ అనుమతులు (మాండేట్లు) ఉన్నాయో బ్రాంచిలో రాసి ఇమ్మనండి.