డీఎస్టీ ప్రాజెక్టు పేపర్‌ను ఏ రిపాజిటరీలో పెట్టాలి?

బరంపురంలో ఒక విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నానండీ. చిలికా చేపల మీద మా పేపర్‌ను ఒక జర్నల్ అంగీకరించింది. ప్రాజెక్టు డబ్బు డీఎస్టీది, అంటే కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగానిది. డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం), డీఎస్టీ కలిసి 2014లో తెచ్చిన ఓపెన్ యాక్సెస్ (పేపర్లను అందరూ ఉచితంగా చదివే) విధానం ప్రకారం, సమీక్ష, సవరణలు అయ్యాక అంగీకరించిన ప్రతిని రిపాజిటరీలో, అంటే పేపర్లను దాచి అందరికీ అందించే ఆన్‌లైన్ భాండాగారంలో, పెట్టాలి. జర్నల్ అడిగే ఏపీసీ (పేపర్ ప్రచురణ రుసుము) మాత్రం వాళ్లు భరించరు. మా డిపార్ట్‌మెంట్‌కు అంత సీను ఎలాగూ లేదు!

చిక్కేమిటంటే మాకు సొంత రిపాజిటరీ లేదు. లైబ్రరీలో అడిగితే శోధ్‌గంగలో పెట్టమన్నారు. అది థీసిస్‌లకు కదా? పైగా ప్రచురణకర్త 12 నెలల ఎంబార్గో, అంటే అప్పటిదాకా బయటపెట్టకూడదు, అంటున్నారు. ఇప్పుడే జెనోడో అనే ఉచిత ఆన్‌లైన్ రిపాజిటరీలో ఎక్కించి, ఫైలును ఏడాది దాకా మూసి ఉంచితే సరిపోతుందా? తుది నివేదికలో ఆ లింకు ఇస్తే ఒప్పుకుంటారా? శ్రీకాకుళం, విశాఖ వైపు ఇలా చేసినవాళ్లుంటే కాస్త చెప్పండి. గడువు దగ్గరపడి టెన్షన్‌గా ఉంది.