భూపేన్ ఖఖర్ చిత్రాల్లో కోరిక, చావు: మన పాఠకులకు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న – తిరుపతి పాఠకుడు

తిరుపతిలో మేము కొందరం నెలకోసారి కలిసి సాహిత్యం, కళల గురించి మాట్లాడుకుంటాము. వచ్చే సమావేశంలో భూపేన్ ఖఖర్ గురించి నేను ప్రసంగించవలసి ఉంది. 1934లో బొంబాయిలో పుట్టి, చార్టర్డ్ అకౌంటెంటుగా పనిచేస్తూ, 1962లో బరోడా చేరి, చిత్రకళను చాలావరకు సొంతంగా సాధన చేసినవారాయన. పురుషుల మధ్య శారీరక సంబంధం మన చట్టంలో నేరంగా ఉన్న రోజుల్లోనే ఆయన దానిని బాహాటంగా చిత్రించారు. సుప్రీంకోర్టు తీర్పుతో అది నేరం కాకుండా పోయింది 2018లో. మా పెద్దాయన ఒకరు ఆ బొమ్మలను ముందే చూసి, ‘ఒళ్లు చూపించడం తప్ప ఇందులో ఏముందయ్యా?’ అన్నారు. ఆయనకు ఏమని సమాధానం చెప్పాలి?

జవాబు – కాళహస్తి కలం

ముందు బొమ్మ కట్టుబడిని చూపించండి. మా కలంకారీలో నడుమ పెద్ద మూర్తి, చుట్టూ వరుసగా గడులు ఉంటాయి. ఒక గడిలో కనిపించిన మనిషే పక్క గడిలో మళ్లీ కనిపిస్తాడు, కథ అలా నడుస్తుంది. ‘అందరినీ మెప్పించలేవు’ అనే అర్థం వచ్చే పేరుతో ఖఖర్ 1981లో వేసిన చిత్రంలో గడుల గీతలు లేకపోయినా, మనందరికీ తెలిసిన తండ్రి, కొడుకు, గాడిద కథ ఒకే ఊళ్లో పలుచోట్ల జరుగుతూ ఉంటుంది. ఆ కథను బాల్కనీలోంచి ఒక మనిషి చూస్తుంటాడు. అతని ఒంటిమీద నూలుపోగు లేదు. అయినా కింద ఎవరి పనిలో వారున్నారు, తల ఎత్తి చూసేవారు లేరు. ఖఖర్ దృష్టిలో రహస్యమంటే తలుపులు మూసుకోవడం కాదు, లోకం చూడకపోవడం. మరుసటి ఏడు వేసిన కాశీ చిత్రంలో కౌగిలించుకున్న ఇద్దరు పురుషుల పక్కన ఊరి నిత్యజీవితం చిన్న చిన్న దృశ్యాలుగా సాగిపోతుంది. ఆయన మా పని చూసి నేర్చుకున్నారని నేను అనడం లేదు. (ఇలాంటి కథ గీయమని మమ్మల్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు, అడిగితే మా ఇంట్లో ఏమంటారో చెప్పలేను.)

జవాబు – చిత్తూరు తెలుగు పంతులు

మీ పెద్దాయనకు భారతం వచ్చి ఉంటే, 1987లో ఖఖర్ వేసిన ‘యయాతి’ చూపించండి. నన్నయ ఆదిపర్వంలో యయాతి కథను చాలామంది కామానికి తృప్తి లేదనే నీతిగానే చదువుతారు. కానీ భార్య దేవయానికి తెలియకుండా శర్మిష్ఠతో సాగిన సంబంధం బయటపడడం వల్లనే శుక్రాచార్యుల శాపం, ఆ శాపం వల్లనే ముసలితనం వచ్చాయన్నది మరువకూడదు. పెద్ద కొడుకులు కాదన్న తరువాత తన యౌవనాన్ని తండ్రికి ఇచ్చిన పూరుడు ఎవరు? ఆ చాటు సంబంధంలో పుట్టిన బిడ్డే. ఖఖర్ చిత్రంలో రెక్కలున్న యువకుడు ముసలి శరీరం మీదికి వంగి ఉంటాడు. అది కొడుకు చేస్తున్న దానమా, ప్రియుడి కౌగిలా అన్నది తేలదు. ఆయన చిత్రాల్లో ప్రియులు తరచూ వయసు మళ్లినవారే కాబట్టి, ఆ ముసలితనాన్ని శాపంగా మాత్రమే చూడలేము.

జవాబు – మరో పాఠకురాలు

పంతులుగారూ, మీ మాట బాగుంది కానీ, అంతా పురాణంలో చుట్టి ఇస్తే పెద్దాయన హాయిగా ఇంటికి వెళ్లిపోతారు. 1998లో ఖఖర్‌కు ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నట్టు తేలింది. ఆ మరుసటి ఏడు మరుగుదొడ్డి మీద కూర్చుని బాధపడే మనిషిని గీసి, ‘రోజు ముగిసేసరికి ఇనుప దిమ్మలు బయటికొచ్చాయి’ అని పేరు పెట్టారు. 2001లో కడుపులో తూటా దిగిన మనిషిని చిత్రించారు. కోరికతో చూసిన ఒంటినే నొప్పితోనూ చూశారు, ఏ అవయవం దగ్గరా సిగ్గుపడలేదు; పైగా నవ్వించారు. నా మటుకు ఆయన గొప్పతనం ఇక్కడే ఉంది. 2003లో మరణించారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. బాల్కనీలోని మనిషితో మొదలుపెట్టి, యయాతిని నడుమ ఉంచి, ఇనుప దిమ్మల బొమ్మను చివర చూపిస్తాను. పంతులుగారూ, పూరుడి ఘట్టంలోని పద్యం ఒకటి మీరే వచ్చి చదివితే సంతోషిస్తాము. చిత్తూరు నుంచి రానూపోనూ ఏర్పాట్లు మేము చూసుకుంటాము.