అప్‌డేట్: చైల్డ్‌మైండర్ ఫీజుకి గవర్నమెంట్ సాయం వచ్చింది

మాది ఇంగ్లాండ్. పాపని తన ఇంట్లో చూసుకునే చైల్డ్‌మైండర్‌కి నెలకి 900 పౌండ్లు కడుతున్నాం, మా ఆయనకి ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంది, నాది ఇంకా స్కిల్డ్ వర్కర్ వీసానే, టాక్స్-ఫ్రీ చైల్డ్‌కేర్ (పిల్లల సంరక్షణ ఖర్చుకి గవర్నమెంట్ ఇచ్చే సాయం) వస్తుందా అని పోయిన నెల అడిగాను. చాలామంది రాదన్నారు. వచ్చిందండీ! నా వీసాలో పబ్లిక్ ఫండ్స్ (గవర్నమెంట్ ఇచ్చే సాయాలు) తీసుకునే హక్కు లేదనే ఉంది. కానీ దంపతుల్లో ఒకరికి ఆ హక్కుంటే చాలు. ఇద్దరూ ఉద్యోగం మాత్రం చేస్తుండాలి, ఏ ఒక్కరి జీతమూ ఏడాదికి లక్ష పౌండ్లు దాటకూడదు.

ఆ స్కీమ్ అకౌంట్‌లో మనం 8 పౌండ్లు వేస్తే గవర్నమెంట్ వాళ్లు 2 కలుపుతారు. మొదటి నెల 720 వేశాను, పక్కన 180 కనబడగానే ఆయన్ని వంటింట్లోంచి పిలిచి మరీ చూపించాను. అయితే వాళ్లు కలిపేది మూడు నెలలకి 500 వరకే. అంటే మా 2,700లో 2,200 మేమే కట్టుకోవాలి. అయినా మాకది చాలా పెద్ద ఊరట.

చూసుకునేవాళ్లు రిజిస్టర్ అయి ఉండాలి. మా చైల్డ్‌మైండర్ అయితే ఆఫ్‌స్టెడ్ (ఇక్కడ వీళ్లని రిజిస్టర్ చేసి తనిఖీ చేసే సంస్థ) సర్టిఫికెట్ హాల్లో, పిల్లల చెప్పుల స్టాండ్ పైనే తగిలించింది. ఇంటికొచ్చే నానీ అయినా అంతే, ముందే అడగండి.

మూడు నెలలకోసారి వివరాలు మళ్లీ కన్ఫర్మ్ చేయాలి, లేకపోతే ఆ సాయం ఆగిపోతుంది. ఫోన్‌లో రిమైండర్ పెట్టేశాను.

ఇద్దరిలో ఒకరికి చాలని ఆ రోజు చెప్పిన అక్కకి చేతులెత్తి దండం.